బెంగళూరు సెలవుల్లో చిన్న బ్రూవరీని లోపలికి వెళ్ళి చూడటం ఎలా: అనంతపురం, కర్నూలు, కడప వారికి సమగ్ర మార్గదర్శి

దసరా, సంక్రాంతి సెలవులు దగ్గర పడితే చాలు, అనంతపురంలోని పరిచయస్థులు నన్ను అడిగేది ఒకటే: బెంగళూరులో తామే బీరు తయారుచేసి అక్కడే పోసే చిన్న బ్రూవరీలు ఉన్నాయి కదా, వాటి లోపలికి వెళ్ళి తయారీని చూడాలంటే ఏం చేయాలి? వెళ్ళి వచ్చామని చెప్పేవారిలో చాలామంది చూసింది గాజు గోడ వెనుక మెరిసే స్టీలు ట్యాంకులను, ఆ తరువాత బల్ల మీదికి వచ్చిన బిల్లును మాత్రమే. ఈ మార్గదర్శిలో తయారీని చూడటమే ప్రధానం. రుచి చూడటం దాని తరువాతి మాట. తాగే అలవాటు లేనివారికి కూడా ఇందులో మూడు వంతులు పనికివస్తుంది. 21 ఏళ్ళు నిండనివారికి మద్యం పోయరు కనుక వారిని వెంట తీసుకువెళ్ళాలనుకుంటే ఆ సంగతి ఫోనులోనే అడిగి తెలుసుకోవాలి.

1. రోజు, వేళ ఎంచుకోవడం

మొత్తం పర్యటన బాగుండటం, పాడవటం ఈ ఒక్క నిర్ణయం మీదనే ఆధారపడి ఉంటుంది. నేను మొదటిసారి శనివారం సాయంత్రం వెళ్ళాను. పాటల హోరు, కిక్కిరిసిన జనం మధ్య వడ్డించే కుర్రవాడు అద్దంలో నుంచి వేలు చూపి "అదే సార్ ట్యాంకు" అన్నాడు, పర్యటన ముగిసింది. తప్పు అతనిది కాదు, ఆ వేళకు వెళ్ళిన నాదే.

బీరు కాచే పని సాధారణంగా ఉదయమే మొదలై ఆరు నుంచి ఎనిమిది గంటలు సాగుతుంది. సాయంత్రానికి పాత్రలు కడిగి, ఆరబెట్టి ఉంటాయి. అందువల్ల మంగళవారం నుంచి గురువారం లోపు ఒక రోజున, మధ్యాహ్నం లోపే వెళ్ళడం మంచిది. పైగా చిన్న బ్రూవరీలో ప్రతి రోజూ కాచరు. వారానికి రెండు మూడు సార్లే కాచే చోట్లు ఉంటాయి.

మద్యం అమ్మకాలు లేని రోజులను కూడా చూసుకోవాలి. జనవరి 26, ఆగస్టు 15, అక్టోబరు 2 తేదీలలో అమ్మకం ఉండదు. దసరా సెలవులు తరచుగా అక్టోబరు 2ను కలుపుకొని వస్తాయి కనుక క్యాలెండరు చూడకుండా టికెట్లు తీయకూడదు. ఎన్నికలు జరిగే ప్రాంతంలో పోలింగు ముగిసే సమయానికి ముందు 48 గంటలు కూడా అంతే.

2. ముందుగా ఫోను చేసి అడగవలసినవి

ఇందిరానగర్, కోరమంగళ, వైట్‌ఫీల్డ్ ప్రాంతాలలో ఇటువంటివి అనేకం ఉన్నాయి. ఇందిరానగర్ 100 అడుగుల రోడ్డు మీది టాయిట్ పేరు మనవైపు కూడా చాలామంది విన్నదే. ఏ చోటు ఎంచుకున్నా, లోపలికి అనుమతి వారి ఇష్టం మీద ఆధారపడినదే తప్ప మన హక్కు కాదు. నాలుగైదు రోజుల ముందు, జనం తక్కువగా ఉండే మధ్యాహ్నం మూడు నాలుగు గంటల మధ్య ఫోను చేసి, బల్ల రిజర్వు చేసే వారితో ఆగిపోకుండా, బీరు తయారుచేసే వ్యక్తితో మాట్లాడించమని మర్యాదగా అడగాలి.

మాట ఇలా ఉంటే సరిపోతుంది: "సార్, మేము అనంతపురం నుంచి నలుగురం వస్తున్నాం. తాగడం కోసమే కాదు, తయారీ చూడాలని ఉంది. మీరు కాచే రోజున ఒక అరగంట చూపించగలరా?" బెంగళూరులో ఈ మాటలు తెలుగులో చెప్పినా అర్థం చేసుకునేవారు చాలాచోట్ల దొరుకుతారు. ఆరుగురికి మించిన గుంపు అయితే ఎవరైనా వెనకాడతారు. కాచే గది ఇరుకు.

ఫోనులో తేల్చుకోవలసినవి:
☐ ఏ రోజున కాస్తున్నారు, ఎన్ని గంటలకు మొదలుపెడతారు
☐ లోపలికి రానిస్తారా, అద్దం బయటి నుంచి చూపిస్తారా
☐ రుసుము ఉందా, అందులో రుచి గ్లాసులు కలిసి ఉన్నాయా
☐ పిల్లలు, పెద్దవారు వస్తే అభ్యంతరం ఉందా
☐ ఫోటోలు తీయవచ్చా

"అద్దం బయటి నుంచే" అన్న జవాబు వస్తే నిరాశ పడి ఊరుకోకుండా రెండవ చోటికి ఫోను చేయాలి. ఒకే చోటును నమ్ముకొని 200 కిలోమీటర్లు వెళ్ళడం తెలివైన పని కాదు.

3. ప్రయాణం: సొంత కారు ఎందుకు వద్దు

అనంతపురం నుంచి 44వ నంబరు జాతీయ రహదారి మీద పెనుకొండ, బాగేపల్లి, చిక్కబళ్ళాపురం మీదుగా బెంగళూరు 200 కిలోమీటర్లకు కొంచెం పైన ఉంటుంది. దారి బాగుంటుంది కనుకనే "పొద్దున వెళ్ళి రాత్రికి వచ్చేద్దాం" అన్న ఆలోచన పుడుతుంది. దానిని అక్కడే తుంచివేయాలి.

మోటారు వాహనాల చట్టం 185వ సెక్షను ప్రకారం 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములకు మించి ఆల్కహాలు ఉంటే నేరం. మొదటిసారి పట్టుబడితే ఆరు నెలల వరకు జైలు లేదా 10,000 రూపాయల జరిమానా, లేదా రెండూ. రాత్రి వేళ హైవే మీద లారీల మధ్య జరగగల దానితో పోలిస్తే ఆ జరిమానా చిన్నదే.

రైలులో వెళ్ళండి. కాచిగూడ–యశ్వంతపూర్ వందే భారత్ కర్నూలు సిటీ, అనంతపురం, ధర్మవరం స్టేషన్లలో ఆగుతుంది. అయితే మధ్యాహ్నానికి చేరుతుంది కనుక, ముందు రోజు వెళ్ళి ఆ రాత్రి బెంగళూరులో ఉండి, మరునాడు ఉదయం బ్రూవరీకి వెళ్ళే విధంగా ఏర్పాటు చేసుకోవాలి. యశ్వంతపూర్ నుంచి మెట్రో గ్రీన్ లైనులో మెజెస్టిక్‌కు వచ్చి, అక్కడ పర్పుల్ లైను ఎక్కితే ఇందిరానగర్, వైట్‌ఫీల్డ్ రెండూ ఆ దారిలోనే ఉంటాయి. కడప వారు రాయచోటి, మదనపల్లె మీదుగా బస్సులో రావడం తేలిక. బస మెట్రో స్టేషనుకు దగ్గరలో ఉంటే ఆటో బేరాలు కూడా తప్పుతాయి.

4. ఆ ఉదయం సిద్ధం కావడం

ఖాళీ కడుపుతో వెళ్ళకూడదు. ఇడ్లీ, ఉప్మా, పెరుగన్నం వంటి సౌమ్యమైన ఆహారం తినాలి. ఉగ్గాని, మిరపకాయ బజ్జి తిని వెళితే కడుపు నిండుతుంది గాని నాలుక సగం రోజు పనిచేయదు. ఎర్రకారం పూసిన దోసెకూ ఇదే వర్తిస్తుంది. మన సీమ వారికి ఇది కష్టమైన నియమమని నాకు తెలుసు.

సెంటు, ఘాటైన తలనూనె, వక్కపొడి, సిగరెట్టు ఆ పూటకు మానాలి. అక్కడ సగం పని ముక్కుదే.

కాళ్ళకు మూసిన బూట్లు తప్పనిసరి. కాచే గది నేల రోజంతా తడిగా ఉంటుంది, కొన్నిసార్లు కాస్టిక్ సోడా కలిపిన కడుగునీరు పారుతూ ఉంటుంది. రబ్బరు చెప్పులతో వెళ్ళి జారి మోకాలు కొట్టుకున్న అనుభవం నాకు ఉంది. వేలాడే చున్నీలు, పైపంచెలు గింజలు పగలగొట్టే మర వద్ద ప్రమాదం.

నిద్రమాత్రలు, మెట్రోనిడజోల్ అనే యాంటీబయోటిక్, షుగరు మందులు వాడేవారు డాక్టరును అడిగిన తరువాతే రుచి చూడాలి. గర్భిణులు, బండి నడపవలసినవారు రుచి చూడనే కూడదు. వీరంతా పర్యటన మటుకు నిశ్చింతగా చేయవచ్చు.

5. లోపల చూడవలసిన క్రమం

చూపించేవారు తరచుగా పెద్ద ట్యాంకు దగ్గర మొదలుపెడతారు, ఎందుకంటే అది కంటికి ఇంపుగా ఉంటుంది. "గింజ దగ్గర నుంచి మొదలుపెడదామా" అని మీరే అడగండి. క్రమం తప్పితే మిగిలినదంతా పైపుల చిక్కుగానే కనిపిస్తుంది.

మొదట మాల్ట్. రాగులను మొలకట్టించి, ఆరబెట్టి, దోరగా వేయించి రాగి మాల్ట్ చేయడం మనకు తెలిసిన పనే. ఇక్కడ బార్లీకి అదే చేస్తారు. మొలకెత్తేటప్పుడు గింజలో పిండిని చక్కెరగా మార్చే ఎంజైములు పుడతాయి, ఎండబెట్టడంతో మొలక ఆగుతుంది, వేపును బట్టి రంగు వస్తుంది. లేత మాల్ట్ నాలుగు గింజలు, నల్లగా వేయించినవి నాలుగు అడిగి తీసుకొని విడివిడిగా నమలండి. మొదటిది బిస్కెట్టులా, రెండవది మాడిన కాఫీ గింజలా ఉంటుంది. సాయంత్రం మీ గ్లాసులోని నలుపు ఎక్కడి నుంచి వచ్చిందో ఆ నమలడంలోనే తెలిసిపోతుంది.

తరువాత మర. ఇది గింజను పిండి చేయదు, పగలగొడుతుంది. పొట్టు చెడకుండా మిగలాలి, ఎందుకంటే తరువాతి పాత్రలో ఆ పొట్టే వడగట్టే జల్లెడ. మెత్తగా ఆడిస్తే సంగటిలా ముద్ద కట్టి నీరు కిందికి దిగదు. 1,000 లీటర్ల మామూలు బీరుకు సుమారు 200 కిలోల మాల్ట్ పడుతుంది.

మూడవది నానబెట్టే పాత్ర, దీనిని మాష్ టన్ అంటారు. పగిలిన మాల్ట్‌ను 65 నుంచి 68 డిగ్రీల సెల్సియస్ వేడి నీటిలో సుమారు గంటసేపు ఉంచితే ఎంజైములు పిండిని చక్కెరగా మారుస్తాయి. ఇక్కడ రెండు మూడు డిగ్రీల తేడా కూడా లెక్కే: తక్కువ వేడిలో తయారైనది పలుచగా, తీపి లేకుండా తేలుతుంది, ఎక్కువ వేడిలో చిక్కగా, తీపిగా మిగులుతుంది. వడగట్టిన తీపి ద్రవాన్ని వర్ట్ అంటారు. ఇంకా పులియలేదు కనుక అందులో ఆల్కహాలు ఉండదు. ఒక చెంచాడు అడిగి తాగండి. తాగుడు అలవాటు లేనివారికి ఈ పర్యటనలో దొరికే అసలైన రుచి ఇదే. మిగిలిన పిప్పిని చాలాచోట్ల పశువుల దాణాకు ఇస్తారు.

నాలుగవది మరిగించే పాత్ర. వర్ట్‌ను 60 నుంచి 90 నిమిషాలు మరిగిస్తూ హాప్స్ అనే పూలను, ఎక్కువచోట్ల వాటి పొడిని బిళ్ళలుగా నొక్కినవి, వేస్తారు. మొదట్లో వేసినవి చేదును, చివర్లో వేసినవి వాసనను ఇస్తాయి. పప్పులో కొత్తిమీరను దించే ముందు ఎందుకు వేస్తామో ఇక్కడా కారణం అదే. ఒక బిళ్ళను అరచేతిలో నలిపి వాసన చూడండి, నాలుక మీద మాత్రం పెట్టకండి. నేను పెట్టాను, అరగంట పాటు వేపాకు నమిలినట్టే ఉంది.

అయిదవది చల్లబరిచే పలకల యంత్రం. చూడటానికి ఏమీ ఉండదు. మరిగిన ద్రవం కొద్ది నిమిషాలలో, దానిని పులియబెట్టే సూక్ష్మజీవి అయిన ఈస్ట్ బతికే వేడికి దిగిపోతుందని తెలుసుకుంటే చాలు.

ఆరవది పులిసే ట్యాంకు. అడుగు శంకువులా ఎందుకు కోసుగా ఉందో అడగండి: పని ముగించిన ఈస్ట్ మడ్డిగా అక్కడ దిగుతుంది, కింది కవాటం తిప్పి దానిని తీస్తారు. ట్యాంకు చుట్టూ చల్లని ద్రవం తిరిగే తొడుగు ఉంటుంది. డిసెంబరు చలిలో మన ఇంట దోసెపిండి పొంగదు, ఏప్రిల్‌లో అదే పిండి తెల్లవారేసరికి పుల్లబడుతుంది కదా. బీరుకు ఆ చంచలత్వం పనికిరాదు. ఏల్ అనే బీరు రకాలను 18 నుంచి 22 డిగ్రీల మధ్య, లాగర్ అనే రకాలను 8 నుంచి 13 డిగ్రీల మధ్య పులియబెడతారు. అందుకే ఏల్ రెండు మూడు వారాలలో సిద్ధమైతే, లాగర్‌కు నాలుగు నుంచి ఆరు వారాలు, ఒక్కోసారి అంతకు మించి పడుతుంది. ట్యాంకు నుంచి వచ్చే గొట్టం బకెట్టు నీటిలో బుడబుడలాడుతుంటే అది ఈస్ట్ వదిలే కార్బన్ డయాక్సైడు. అది గాలి కన్నా బరువైనది, అడుగున పేరుకుంటుంది. కనుక తెరిచి ఉన్న ట్యాంకులోకి తల పెట్టి చూడటం ప్రాణం మీదికి తెస్తుంది. ఈ మాట పిల్లలకు లోపలికి వెళ్ళే ముందే చెప్పాలి.

6. అడిగితే లాభం ఉన్న ప్రశ్నలు

"ఇందులో కిక్కు ఎంత" అన్న ప్రశ్నతో మొదలుపెడితే ఎదుటివాడు మిమ్మల్ని మామూలు ఖాతాదారుగానే చూస్తాడు. దానికి బదులు "మొదటి సాంద్రత ఎంత, చివరి సాంద్రత ఎంత" అని అడగండి. సాంద్రత అంటే నీటిని 1గా తీసుకుంటే ద్రవం ఎంత బరువో చెప్పే అంకె; మొదటిది పులియకముందుది, చివరిది పులిసిన తరువాతది. లెక్క తేలిక: రెండింటి తేడాను 131తో గుణిస్తే ఆల్కహాలు శాతం సుమారుగా వస్తుంది. 1.050 నుంచి 1.010కి దిగితే తేడా 0.040, అంటే దాదాపు 5.2 శాతం. బయటికి వచ్చాక మీ లెక్కను మెనూ బోర్డుతో సరిచూసుకోవచ్చు.

ఇంకా అడగదగినవి: నీటిని ఎలా శుద్ధి చేసి సరిదిద్దుతారు, అదే ఈస్ట్‌ను ఎన్నిసార్లు తిరిగి వాడతారు, ఏ ట్యాంకులోని బీరు ఎన్ని రోజులది, రాగులు, జొన్నలు, మామిడి వంటివి వాడతారా, ఇటీవల పారబోయవలసి వచ్చిన బీరు ఉందా, ఎందుకు. చివరి ప్రశ్నకు దాపరికం లేకుండా జవాబు చెప్పే బ్రూవర్ దొరికితే మిగిలినవన్నీ అతనే చెబుతాడు.

7. రుచి చూడటం

పెద్ద గ్లాసు తెప్పించుకోకండి. 100 నుంచి 120 మిల్లీలీటర్ల చిన్న గ్లాసుల పళ్ళెం అడగండి. నాలుగు రకాలు చాలు, ఆరు ఎక్కువ.

క్రమం పలుచని దాని నుంచి గాఢమైన దానికి సాగాలి. మొదట లాగర్ లేదా పిల్స్‌నర్, తరువాత గోధుమ బీర్లు, ఆపై లేత రంగు పేల్ ఏల్, చివరగా చేదు ఎక్కువగా ఉండే ఐపీఏ, నల్లని స్టౌట్. నా మిత్రుడు ఒకడు నలుపు చూసి ముచ్చటపడి స్టౌట్‌తో మొదలుపెట్టాడు. ఆ తరువాత వచ్చిన మూడు గ్లాసులూ అతనికి సోడాలాగే తోచాయి.

ఒక్కో గ్లాసుకూ ఇలా చేయాలి:
☐ వెలుతురుకు ఎదురుగా పట్టి రంగు, తేట, నురుగు చూడాలి
☐ మెల్లగా తిప్పి, నోరు పెట్టకముందే రెండుసార్లు వాసన చూడాలి
☐ ఒక గుక్క నోరంతా తిప్పి మింగాలి, మింగాక ముక్కుతో గాలి వదలాలి
☐ ఒక్క వాక్యం రాసుకోవాలి
☐ మంచినీళ్ళు, ఉప్పుకారం లేని బొరుగులు కొన్ని తిని తరువాతి దానికి వెళ్ళాలి

మరీ చల్లగా వస్తే రెండు చేతులతో గ్లాసును పట్టుకొని కొన్ని నిమిషాలు ఆగండి. చల్లదనం వాసనను మూసేస్తుంది. స్టౌట్ 10 నుంచి 12 డిగ్రీల వద్దే విప్పుకుంటుంది.

లోపాలను గుర్తుపట్టడం మొదటిసారి కూడా సాధ్యమే. కాచిన వెన్నలాంటి వాసన వస్తే బీరు పూర్తిగా పండకముందే దించారని అనుమానించవచ్చు. ఉడికించిన మొక్కజొన్న వాసన మరిగింపు చాలకపోతే, తడి అట్టపెట్టె వాసన గాలి తగిలితే వస్తాయి. అయితే హెఫెవైజన్ అనే జర్మన్ గోధుమ బీరులో అరటిపండు, లవంగం వాసన లోపం కాదు, దాని ఈస్ట్ లక్షణమే అది. బెల్జియన్ విట్ అనే గోధుమ బీరులో ధనియాలు, నారింజ తొక్క నిజంగానే వేస్తారు. అది తెలియక "మసాలా కలిపారు" అని గొడవపడిన వారిని చూశాను.

వేరుశనగల మసాలా, చికెన్ పకోడా రుచి చూడటం అయ్యేదాకా ఆగాలి. కారం ఐపీఏ చేదును రెట్టింపు చేసి చూపిస్తుంది.

8. ఎంత చాలు

నాలుగు గ్లాసులు, ఒక్కొక్కటి 120 మిల్లీలీటర్లు అంటే 480. అయిదు శాతం చొప్పున 24 మిల్లీలీటర్ల ఆల్కహాలు, బరువులో దాదాపు 19 గ్రాములు. శరీరం గంటకు సుమారు 7 నుంచి 10 గ్రాములే కరిగించగలదు కనుక ఆ చిన్న పళ్ళేనికే రెండు మూడు గంటలు పడుతుంది. ఇది మనిషిని బట్టి మారే సుమారు లెక్క. దీనిని చూసుకొని బండి తాళం తీయకూడదు. కాఫీ, చన్నీళ్ళ స్నానం ఈ వేగాన్ని పెంచవు.

9. తరచుగా జరిగే పొరపాట్లు, వాటి సవరణ

ఫోను చేయకుండా వెళ్ళారు. రద్దీ లేకుంటే మేనేజరును అడగండి, ఉంటే మరునాడు ఉదయానికి మాట తీసుకోండి.

కాచే పని ఆ రోజు లేదు. అప్పుడు పులిసే ట్యాంకులు, మాల్ట్ బస్తాలు, కడిగే పద్ధతి చూపమని అడగండి. ఖాళీ పాత్ర లోపలి జల్లెడ అడుగు కనిపించేది అటువంటి రోజునే.

నాలుక మొద్దుబారింది. మూడవ గ్లాసు తరువాత అన్నీ ఒకేలా ఉంటే, ఆపి పావుగంట బయట నడవండి. ఇంకొకటి తెప్పించడం సవరణ కాదు.

ఇంటికి సీసా తేవాలనుకున్నారు. వద్దు. పాశ్చరైజ్ చేయని బీరు ప్రయాణపు వేడికి కొద్ది గంటలలోనే చెడటం మొదలవుతుంది; పైగా రాష్ట్రం దాటించే మద్యానికి ఎక్సైజు నిబంధనలు ఉన్నాయి, సరిహద్దు చెక్‌పోస్టులో సమాధానం చెప్పుకోవలసినది మీరే.

10. తేదగిన వస్తువు ఒకటి

సీసాకు బదులు 100 గ్రాముల పగిలిన లేత మాల్ట్ అడగండి; చాలామంది ఉచితంగానే ఇస్తారు. ఇంటికి వచ్చాక ఫ్లాస్కును వేడినీళ్ళతో ఒకసారి తొలిచి, మాల్ట్ వేసి, 72 డిగ్రీల నీరు 300 మిల్లీలీటర్లు పోసి కలిపి మూత పెట్టాలి. లోపలి వేడి 66 డిగ్రీల దగ్గర నిలుస్తుంది. వెంటనే ఒక చుక్కను తెల్లని పళ్ళెంలో వేసి దాని మీద టింక్చర్ అయొడిన్ చుక్క వేస్తే నల్లని నీలం రంగు వస్తుంది, పిండి ఇంకా ఉందని అర్థం. గంట తరువాత మరొక చుక్కతో అలాగే చేస్తే, అయొడిన్ తన గోధుమ రంగులోనే ఉండిపోతుంది. పరీక్షించిన చుక్కలను పారబోసి, ఫ్లాస్కులోనిది వడగట్టి పిల్లలకు ఒక్కో చెంచాడు ఇవ్వండి. బెల్లం వేశారా అని అడుగుతారు.